గొర్రెలన్నీ కలిపి ఒకటే

కిర్క్‌బెక్ జ్ఞాపకశక్తి క్లినిక్‌లో జోడీ హార్‌గ్రీవ్స్ హోదా ఏమిటో చెప్పడం కష్టం. ఉద్యోగి అందామంటే జీతం లేదు. విద్యార్థి అందామంటే చెప్పేవాళ్ళు లేరు. మనస్తత్వశాస్త్రం డిగ్రీలో రెండేళ్ళు చదివాక, మూడో ఏడు ఎక్కడైనా పనిచేసి నేర్చుకుని, నాలుగో ఏడు మళ్ళీ తరగతికి రావాలన్నది ఆ యూనివర్సిటీ ఏర్పాటు. పని నేర్పుతామన్న క్లినిక్ వాళ్ళు సెప్టెంబరులో ఆమెకు మొట్టమొదట నేర్పింది ఎవరి టీలో ఎన్ని పాలు పోయాలన్నది. రెండోది, ఫోటోకాపీ మిషన్‌లో ఇరుక్కున్న కాగితాన్ని చింపకుండా లాగడం. మూడోది మాత్రం పెద్ద పని, ఆమె చేయకూడని పని కూడా. మతిమరుపు వచ్చిందేమోనని డాక్టర్లు పంపిన ముసలివాళ్ళకు ఒంటరిగా పరీక్ష పెట్టడం.

రూలు ప్రకారం ఆ పరీక్ష అర్హత ఉన్న సైకాలజిస్టే పెట్టాలి. విద్యార్థి మూలన కూర్చుని చూడాలి. క్లినిక్ పెద్ద డాక్టర్ ఫిలిపా నెస్బిట్ మొదటి రెండు వారాలు అలాగే చేసింది. మూడో వారం, "నేను పక్క గదిలోనే ఉంటాగా, తలుపు తీసి ఉంచు" అంది. నాలుగో వారానికి పక్క గదిలో ఆమె కోటు మాత్రమే ఉండేది. పరీక్ష కోసం ఎదురుచూసేవాళ్ళు ఐదు నెలలకు సరిపడా ఉన్నారు, జాబితా తగ్గించమని పైనుంచి రోజూ ఒత్తిడి. ఎవరు తగ్గిస్తారు? జోడీ ఉందిగా!

"ఫిలిపా అని పిలువు చాలు, డాక్టర్ ఏమిటి? మనమంతా ఒకే జట్టు" అనేది ఆవిడ. ఆ జట్టులో ఒకరు పరీక్ష పెడతారు, మార్కులు వేస్తారు, రిపోర్టు టైపు కొడతారు. ఇంకొకరు కింద సంతకం పెడతారు. అత్త సొమ్ము అల్లుడు దానమంటే ఇదే.

అప్పట్లో జోడీకి కోపం రాకపోగా గర్వం వచ్చింది. బర్న్‌లీలో బడి వంటగదిలో గరిటె తిప్పే తల్లికి కూతురు ఆమె. మెడలో క్లినిక్ బ్యాడ్జి వేసుకుని, "పరీక్ష మొదలుపెడదామా?" అని పెద్దవాళ్ళను అడుగుతుంటే వెన్ను దానంతటదే నిటారుగా అయ్యేది. మార్కులు వేసే పద్ధతి చెప్పే నలభై ఆరు పేజీల పుస్తకాన్ని కంఠతా పట్టింది. "నీలో నాకు నచ్చేదేమిటంటే జోడీ, నువ్వు పుస్తకం దాటవు" అని ఫిలిపా మెచ్చుకుంటే ఆ రోజంతా అన్నం తినకపోయినా కడుపు నిండినట్టే ఉంది.

నవంబరు మొదటి వారంలో ఏమస్ మెట్‌కాఫ్ వచ్చాడు. డెబ్భై ఆరేళ్ళు. హెలిన్‌డేల్ లోయలో చిట్టచివరి ఇల్లు ఆయనది. ఆ ఇల్లు దాటితే కొండ, కొండ మీద ఆయన గొర్రెలు మూడు వందల నలభై. భార్య పోయి ఆరేళ్ళు. టౌను తొమ్మిది మైళ్ళు. తన పాత ట్రక్కు తానే నడుపుకుంటూ, పక్క సీట్లో కుక్కను కూర్చోబెట్టుకుని వచ్చాడు. ఊరి డాక్టరు పంపిన కాగితంలో ఒకే వాక్యం ఉంది: ఏప్రిల్‌లో రెండుసార్లు అపాయింట్‌మెంట్ మరిచిపోయాడు.

"మరిచిపోలేదమ్మాయ్" అన్నాడు ఏమస్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుంటూ. "ఏప్రిల్లో గొర్రెలు ఈనుతుంటాయి. అడ్డం తిరిగిన పిల్లను మోచేతిదాకా చెయ్యి పెట్టి లాగుతుంటే డాక్టరు పిలుస్తున్నాడని వదిలేసి రమ్మంటావా? కొత్త డాక్టరు. కుర్రాడు. నేర్చుకుంటాడులే."

జోడీ నవ్వింది. నవ్వి, పుస్తకంలో ఉన్నట్టే మొదలుపెట్టింది.

"ఇప్పుడు ఏ కాలం నడుస్తోంది?"

"పొట్టేళ్ళకు రంగు పూసే కాలం."

పొట్టేలు రొమ్ముకు రంగు పూసి మందలోకి వదిలితే, అది ఏ గొర్రెను దాటిందో ఆ గొర్రె వీపే చెబుతుంది. నవంబరు మొదటి వారంలో ఆ లోయలో ఏ ఇంటికి వెళ్ళినా అందరి చేతులూ మోచేతిదాకా ఎర్రగానో నీలంగానో ఉంటాయి. పుస్తకంలో ఉన్న జవాబు ఆకురాలు కాలం. జోడీ కాగితం పక్కన పెన్సిలుతో ఆయన మాట ఉన్నదున్నట్టు రాసుకుంది. అది ఆమె అలవాటు. తర్వాత పెన్నుతో గడిలో సున్నా వేసింది.

"తేదీ ఎంత?"

"అంకె తెలీదు. పొట్టేళ్ళ సంతయి మూడో రోజు."

సున్నా.

"మనం ఏ కౌంటీలో ఉన్నాం?"

"వెస్ట్‌మోర్లాండ్."

అది డెబ్భై నాలుగులో ప్రభుత్వం మ్యాపులోంచి తీసేసిన జిల్లా పేరు. మ్యాపులోంచి పోయింది గానీ ఆ లోయలో ఎవరి నోట్లోంచీ పోలేదు. పుస్తకం మాత్రం కంబ్రియా అనాలంటుంది. సున్నా.

"వందలోంచి ఏడు తీసేయండి. మిగిలినదాంట్లోంచి మళ్ళీ ఏడు. అలా తీస్తూ పోండి."

"ఎందుకు? ఆ ఏడూ ఎక్కడికి పోయాయి?"

"ఎక్కడికీ పోలేదు. ఊరికే లెక్క."

"గొర్రెలు ఏడు తగ్గితే మిగిలినవెన్నని లెక్కపెడుతూ కూర్చోనమ్మాయ్. ఆ ఏడూ ఎక్కడున్నాయో వెతకడానికి పోతా."

పెన్సిలుతో ఈ మాట రాస్తుంటే జోడీకి నవ్వాగలేదు. అయినా సున్నా వేసింది. తర్వాత ఒక పేరు, చిరునామా చదివి వినిపించింది. కాసేపాగి మళ్ళీ అడుగుతాననీ, గుర్తుపెట్టుకోవాలనీ చెప్పింది. మిస్టర్ లెనార్డ్ పైక్, నలభై రెండు, చర్చ్ వ్యూ, కిర్క్‌బెక్. పేరూ వీధీ పుస్తకంలోవి. ఊరి పేరు మాత్రం ఎక్కడి క్లినిక్ వాళ్ళు అక్కడిది వేసుకోవాలి.

"చర్చ్ వ్యూలో నలభై రెండో నంబరు లేదే" అన్నాడు ఏమస్.

"ఉందనుకోండి."

"నేననుకుంటే పోస్టుమాన్‌కు దొరుకుతుందా?"

తర్వాతి ప్రశ్న, ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలిగితే అన్ని చెప్పమని. ఏమస్ ముఖం వెలిగింది. ఊపిరి కూడా తీసుకోకుండా అందుకున్నాడు. "విత్తన పొట్టేలు, విత్తులు కొట్టిన పొట్టేలు, సూడి గొర్రె, గొడ్డు గొర్రె, తొలిచూలు గొర్రె, ఏడాది పిల్ల, పాలపిల్ల, తల్లి పోయిన పిల్ల, కవల పిల్ల, పళ్ళు రాలిన ముసలిది..." ఒక చేత్తో గడియారం పట్టుకుని, ఇంకో చేత్తో పెన్సిలుతో గబగబా రాసుకుంటూ జోడీ లెక్కపెట్టింది. ఇరవై మూడు. చివర్లో, బయట ట్రక్కులోంచి మొరిగితే గుర్తొచ్చినట్టు, "కుక్క" అన్నాడు.

ఆ క్లినిక్‌లో ఎవరూ నిమిషంలో ఇరవై దాటగా ఆమె చూడలేదు. కానీ పదిహేడో పేజీ ఆమెకు కంఠతా వచ్చు. ఒకే జంతువులో రకాలు, వయసులు, ఆడమగ తేడాలు ఎన్ని చెప్పినా కలిపి ఒకటే. గొర్రెలన్నీ ఒకటి, కుక్క ఒకటి. రెండు పేర్లకు మార్కులు సున్నా. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగి, వేసేసింది. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా!

ఆఖర్న, "ఇందాక చెప్పిన పేరు, చిరునామా చెప్పండి" అంది.

"లేని ఇంటికి నన్ను దారి చెప్పమంటావేంటి? ఆ పాపం నాకొద్దు" అని ఏమస్ టోపీ పెట్టుకుని లేచాడు.

వందకు యాభై ఎనిమిది. ఎనభై రెండు దాటకపోతే మతిమరుపు కిందే లెక్క.

సాయంత్రం ఫిలిపా వచ్చి మొత్తం మార్కులున్న గడి చూసింది. పక్కనున్న పెన్సిలు రాత చూడలేదు. నాలుగు వాక్యాలు చెబితే జోడీ టైపు కొట్టింది. "మెట్‌కాఫ్‌ను నేను ఈ రోజు పరీక్షించాను. కాలం, స్థలం స్పృహ బాగా దెబ్బతింది. కొత్త విషయం ఏ కొంచెమూ గుర్తుండడం లేదు. వెంటనే బండి నడపడం ఆపించి, లైసెన్స్ ఆఫీసుకు తెలియజేయాలి." నేను పరీక్షించాను! ఆ రోజు ఫిలిపా ఏమస్ ముఖం కూడా చూడలేదు. జోడీ వేళ్ళు ఆ మాట తప్పు లేకుండా కొట్టాయి, కవరు కూడా అతికించాయి.

మూడు వారాలు గడిచాయి. జోడీ అద్దెకుండే గది మార్జరీ కాప్‌స్టిక్ ఇంట్లోది. మార్జరీ పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆమెకు తెలియని ఇల్లుగానీ, ఆమె నోట పడని మనిషిగానీ ఆ చుట్టుపక్కల లేరు. నవంబరు ఆఖరి శనివారం, "ఎప్పుడూ ఆ పుస్తకాలేనా? పద, కాపరుల కూటానికి పోదాం, బంగాళదుంపల కూర తిందువుగాని" అని కారెక్కించుకుంది.

ఏటా ఆ రోజున లోయల కాపరులంతా కొండవతల సత్రం దగ్గర కలుస్తారు. ఏడాది పొడుగునా మందల్లో కలిసిపోయిన పరాయి గొర్రెలను దడిలో నిలబెట్టి, ఎవరివి వాళ్ళకు అప్పగిస్తారు. ప్రతి ఇంటికీ ఒక చెవి కోత, ఒక రంగు గుర్తు ఉంటాయి. అన్నీ అచ్చేసిన లావుపాటి పుస్తకం ఒకటి సత్రంలో బల్ల మీద ఉంటుంది గానీ, దాన్నెవరూ తెరవడం లేదు. అందరూ దడి మధ్యలో ఉన్న ఒక మనిషి వైపు చూస్తున్నారు. ఆ మనిషి ఏమస్.

రంగు వానకు పూర్తిగా కడుక్కుపోయిన గొర్రె ఒకటి వచ్చింది. ఇద్దరు కాపరులు అది మాదంటే మాదంటున్నారు. ఏమస్ దాని చెవులు రెండూ బొటనవేళ్ళతో తడిమాడు. "ఎడమ చెవి కొసకు కోత. కుడి చెవికి కింద గాటు. ఇది మీ ఇద్దరిదీ కాదు. థార్న్‌గిల్ వాళ్ళ గుర్తిది. వాళ్ళు పొలం అమ్మేసి పదకొండేళ్ళయింది. అమ్మేటప్పుడు గుర్తుతో సహా స్కైల్స్ వాళ్ళ రెండోవాడికి ఇచ్చారు. వాణ్ణి పిలవండి." ఎవరో అనుమానంగా పుస్తకం తెరిచారు. అక్షరం పొల్లుపోలేదు. ముంజేతి కంకణానికి అద్దమెందుకన్నట్టు మిగతావాళ్ళు నవ్వారు.

జోడీ మాత్రం నవ్వలేదు. చేతిలో ఉన్న కూర పళ్ళెం చల్లారిపోతోంది.

"చూశావా మన ఏమస్‌ను? ఇవాళ కొండెక్కి నాలుగు మైళ్ళు నడిచొచ్చాడు" అంది మార్జరీ. "టౌనులో ఎవరో మహాతల్లి మతిపోయిందని రాసిందట. బండి నడపొద్దన్నారు. బండి లేకపోతే మేతెట్లా తెస్తాడు, జబ్బు గొర్రెను ఎట్లా దించుతాడు? మార్చిలోగా మందనమ్మేయాలంటున్నారు. ఆ గొర్రెలు ఆ కొండ మీదే పుట్టి తల్లుల దగ్గర దారులు నేర్చుకున్నవి. అవి పోతే ఇంకో మంద అక్కడ నిలవదు. రాసినావిడ చేతులు పడిపోను!"

రాసిన చేతుల్లో పళ్ళెం ఉంది. జోడీ దాన్ని గోడ మీద పెట్టి, దడి దగ్గరకు నడిచింది. పారిపోదామనే అనిపించింది. కాళ్ళు మాత్రం అటే తీసుకెళ్ళాయి.

"ఓహో, సున్నాల అమ్మాయా!" అన్నాడు ఏమస్. ఆయన గొంతులో కోపం లేకపోవడం ఆమెకు మరీ కష్టంగా ఉంది. "నేనింకా నీకో సంగతి చెప్పాలి. ఆ రోజు ఇంటికి పోతూ చర్చ్ వ్యూ వీధిలో బండాపి చివరిదాకా లెక్కపెట్టా. పంతొమ్మిది ఇళ్ళే. లెనార్డ్ పైక్ అనేవాడు, నలభై రెండో నంబరు, చర్చ్ వ్యూ, కిర్క్‌బెక్, ఎవడోగానీ నిన్ను మోసం చేశాడు."

కొత్త విషయం ఏ కొంచెమూ గుర్తుండని మనిషి, మూడు వారాల కిందట ఒక్కసారి విన్న చిరునామా పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

"మెట్‌కాఫ్ గారూ, ఆ సున్నాలు వేసింది నేనే" అంది. "మీ జవాబులు సరైనవని తెలిసీ వేశాను."

"తెలిసీ ఎందుకేశావు?"

"పుస్తకంలో అలా ఉంది."

ఏమస్ గొర్రె చెవి వదల్లేదు. సత్రం బల్ల మీద మూసిన పుస్తకం వైపు గడ్డంతో చూపించాడు. "మాకూ ఉందొక పుస్తకం. అది తప్పయితే గొర్రె చెవి కొయ్యం, పుస్తకం దిద్దుకుంటాం" అన్నాడు. "సరే, వేశావు. ఇప్పుడేం చేస్తావు?"

సోమవారం పొద్దున్న ఫిలిపా కోటు విప్పకముందే జోడీ ఆవిడ గదిలో ఉంది. చామంతి టీ కలుపుకుంటూ ఫిలిపా అంతా విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఎదుటివాళ్ళ మాట అడ్డుపడకుండా వినడం ఆవిడ వృత్తి. విన్నదాన్ని లెక్కచేయకపోవడంలోనూ ఆవిడకు పాతికేళ్ళ అనుభవం ఉంది.

"నీకాయన మీద అభిమానం ఏర్పడింది జోడీ. సహజమే. ఈ వయసులో అందరికీ జరుగుతుంది" అంది ఫిలిపా.

"అభిమానం కాదు. మార్కులు తప్పు."

"పుస్తకం ప్రకారం వేశావా, లేదా?"

"వేశాను."

"మరి తప్పెక్కడుంది? ఒకరికి గొర్రెలు లెక్కలోకి తీసుకుంటే, రేపు ఇంకొకరు కార్ల పేర్లు చెబుతారు. అందరికీ ఒకే కొలత. దాన్నే శాస్త్రమంటారు."

"శాస్త్రమైతే పెట్టాల్సినవాళ్ళు పెట్టాలిగా! మీరు ఆ గదిలో లేరు ఫిలిపా. 'నేను పరీక్షించాను' అని రాశారు. ఆయన కళ్ళు ఏ రంగో మీకు తెలుసా?"

ఫిలిపా చెంచా తీసి సాసరులో పెట్టింది. "ఆ మాట ఇంకోసారి ఆలోచించి చెప్పు" అంది ఫిలిపా, అంతే మెత్తగా. "జూన్‌లో నీ ఏడాది ఫారం నింపాల్సింది నేనే. నీకు మంచి భవిష్యత్తుంది. పాడుచేసుకోకు."

జోడీ ఒళ్ళు మండిపోయింది. మెట్లకింద ఫైళ్ళ గదిలోకి వెళ్ళి యూనివర్సిటీలో తన బాగోగులు చూడాల్సిన గ్రెగ్‌కు ఫోన్ చేసింది. గ్రెగ్ మంచివాడు. ఎవరితోనూ గొడవ పెట్టుకోనంత మంచివాడు.

"చాలా విలువైన అనుభవమిది! నీ డైరీలో రాసుకో. నీకేమనిపించింది, ఎందుకనిపించింది, దీన్నుంచి ఏం నేర్చుకున్నావు. అద్భుతమైన పేజీ అవుతుంది" అన్నాడు గ్రెగ్.

"ముసలాయన మంద పోతోంది గ్రెగ్. నాకు పేజీ ఎందుకు?"

"క్లినిక్‌తో సంబంధాలు కూడా చూడాలి కదా. వచ్చే ఏడాది ఇంకో ఇద్దరిని తీసుకుంటామన్నారు."

ఇంకో ఇద్దరు! జోడీ ఫోన్ పెట్టేసింది. ఇంకో ఇద్దరు వచ్చి తనలాగే వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటారు. పుస్తకం కంఠతా పడతారు. ఊరి డాక్టరు ఏప్రిల్‌లో కాపరిని రమ్మన్నాడు. ఫిలిపా చూడకుండా సంతకం పెట్టింది. గ్రెగ్ డైరీ రాసుకోమన్నాడు. తిలా పాపం తలా పిడికెడు. అందులో తన పిడికిలేమీ చిన్నది కాదు. ఆ సంగతి తలుచుకున్నకొద్దీ కోపం పెరిగిందే తప్ప తగ్గలేదు.

ఆ మధ్యాహ్నమే, క్లినిక్ కంప్యూటర్ మీదే, క్లినిక్ కాగితం మీదే ఊరి డాక్టరుకు ఉత్తరం రాసింది. ఏమస్ మెట్‌కాఫ్‌ను పరీక్షించింది తానని, తాను డిగ్రీ పూర్తికాని విద్యార్థినని, ఆ సమయంలో గదిలో అర్హత ఉన్నవాళ్ళు ఎవరూ లేరని రాసింది. పెన్సిలుతో రాసుకున్న జవాబులన్నీ ప్రశ్నల పక్కన పెట్టి టైపు చేసింది. పొట్టేళ్ళకు రంగు పూసే కాలం. వెస్ట్‌మోర్లాండ్. ఆ ఏడూ ఎక్కడున్నాయో వెతకడానికి పోతా. ఇరవై మూడు గొర్రెలనూ వరుసగా రాసింది. కాపరుల కూటంలో చిరునామా అప్పజెప్పిన సంగతి చివర్న చేర్చి, కింద తన పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టింది. ఒక ప్రతి ఫిలిపా బల్ల మీద పెట్టింది. దొంగచాటుగా చేయాల్సిన పని కాదు కదా!

కుర్రాడైనా ఊరి డాక్టరు నేర్చుకునేవాడే. ఏమస్ మాట నిజమైంది. వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. పరీక్ష మళ్ళీ పెట్టాలి, ఈసారి డాక్టర్ నెస్బిట్ స్వయంగా పెట్టాలి. ఫిలిపా జోడీతో మాట్లాడడం మానేసింది. "ఫిలిపా అని పిలువు" అనడమూ మానేసింది. మళ్ళీ టీ, ఫోటోకాపీలే మిగిలాయి. క్రిస్మస్‌కు క్లినిక్ వాళ్ళంతా కలిసి భోజనానికి వెళ్ళారు. ఫోన్లు ఎత్తడానికి జోడీని ఉంచారు.

జనవరి మూడో వారంలో ఏమస్‌ను మార్జరీ తన కారులో దింపింది. జోడీని మూలన కుర్చీలో కూర్చోబెట్టి, "నువ్వు చూడడానికి మాత్రమే. నోరు మెదపకూడదు" అంది ఫిలిపా. అదే రూలు. నవంబరులో గుర్తురాని రూలు.

"ఇప్పుడు ఏ కాలం?"

"చలికాలం. ఇది తెలియకపోవడానికి మీకు గదిలో హీటరుందిగా!"

"ఏ కౌంటీ?"

"వెస్ట్‌మోర్లాండ్. మీకు కంబ్రియా కావాలంటే అదీ రాసుకోండి. మా నాన్న సమాధి మీద మాత్రం మార్చను."

వందలోంచి ఏడులు, "పోయిన ఏడూ దొరికాయా?" అని అడిగి, విసుక్కుంటూనే చివరిదాకా తీశాడు. ఫిలిపా కాగితం తిప్పింది. "ఇప్పుడు నేనొక పేరు, చిరునామా చెబుతాను. జాగ్రత్తగా విని..."

"లెనార్డ్ పైక్. నలభై రెండు, చర్చ్ వ్యూ, కిర్క్‌బెక్. ఇంకా ఇల్లు కట్టుకోలేదా ఆయన?"

ఫిలిపా పెన్ను ఆగిపోయింది. ఆవిడ ఆ చిరునామా ఇంకా చదవనే లేదు.

"జంతువుల పేర్లు చెప్పండి" అంది తమాయించుకుని.

"ముందు ఒక్కటి చెప్పండి డాక్టరమ్మా. మీకు గొర్రెలన్నీ ఒకటేనా?"

"అవును. అన్నీ కలిపి ఒకటే."

ఏమస్ ఆవిడ వైపు నిజమైన జాలితో చూశాడు. "సరే అయితే. గొర్రె. కుక్క. నక్క. కుందేలు. ఏనుగు, ఒంటె, జిరాఫీ, మొసలి, సింహం... వీటిని మా కొండ మీద ఎప్పుడూ చూసిన పాపాన పోలేదు, అయినా రాసుకోండి." నిమిషం అయ్యేసరికి ఇరవై ఆరు.

వందకు తొంభై నాలుగు. ఫిలిపా రెండుసార్లు కూడింది. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, మూలనున్న కుర్చీ వైపు చూడకుండా, "ఇది పూర్తిగా నమ్మదగ్గ అంకె కాదు" అంది. "ఇదే పరీక్ష ఒకసారి రాసినవాళ్ళు రెండోసారి బాగానే రాస్తారు. ముందు విన్నవి గుర్తుండిపోతాయి. దీన్ని మేము అభ్యాస ప్రభావం అంటాం. రిపోర్టులో ఆ మాట రాయక తప్పదు" అంటూ రాసేసింది.

జోడీ లేచి నిలబడింది. నోరు మెదపకూడదన్న సంగతి ఆమెకు బాగా గుర్తుంది.

"ఒక్కసారి విన్నది రెండున్నర నెలలు గుర్తుంది కాబట్టి ఆయనకు మతిమరుపు లేదని చెప్పలేం అంటారా?" అంది. "మొదటిసారి తక్కువొచ్చింది, ఎందుకంటే ఏదీ గుర్తుండదు. రెండోసారి ఎక్కువొచ్చింది, ఎందుకంటే అన్నీ గుర్తున్నాయి. ఎటు తిప్పినా మతి పోయింది ఆయనకేనా డాక్టర్?"

తలుపు తీసే ఉంది. బయట కూర్చున్న మార్జరీ చేతిలో అల్లిక ఆగిపోయింది. ఇక ఆ మాట కిర్క్‌బెక్‌లో చేరని ఇల్లుండదని ఫిలిపాకు కూడా తెలుసు. ఏమస్ భుజాలు మాత్రం నవ్వుకు కదులుతున్నాయి. ఫిలిపా ముఖం ఎర్రబడింది. మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, రిపోర్టులో రాసిన వాక్యాన్ని ఒక గీతతో కొట్టేసింది. పరీక్షించినవారు అన్న చోట సంతకం పెట్టింది. ఆ సంతకం నిజంగా ఆవిడ పెట్టాల్సిన చోట పడడం, జోడీ చూడగా, అదే మొదలు.

మార్చి మొదట్లో ఏమస్‌కు లైసెన్స్ తిరిగొచ్చింది, గొర్రెలు ఈనడానికి నెల ముందు. ఆ ఏప్రిల్‌లో మూడు శనివారాలు జోడీ ఆయన గొర్రెల కొట్టంలో గడిపింది. ఆయన ఒక్కొక్కదాన్నీ చూపిస్తూ పేరు చెబితే, ఆమె తిరిగి చెప్పాలి. తొలిచూలుది ఏది, గొడ్డుది ఏది, తల్లి పోయిన పిల్లను ఇంకో తల్లికి ఎలా అలవాటు చేయాలి. మొదటి రోజు ఇరవై మూడింట్లో నాలుగు చెప్పగలిగింది. "నీకు మతిమరుపు చాలా ఉందమ్మాయ్. టౌనులో చూపించుకో" అన్నాడు ఏమస్.

జూన్‌లో ఫారం వచ్చింది. ఐదేసి మార్కుల చొప్పున పది వరుసలు. సమయపాలన, నాలుగు. ఫైళ్ళు సర్దడం, నాలుగు. ఇలా చప్పగా సాగి, తొమ్మిదో వరుసకు వచ్చేసరికి, పైవాళ్ళు చెప్పినట్టు నడుచుకోవడం అన్న చోట, ఫిలిపా చేతిరాతలో, కాగితానికి చిల్లుపడేలా నొక్కి రాసిన సున్నా ఉంది. గ్రెగ్ ఫోన్ చేసి, అభ్యంతరం రాయమంటావా, తీయించడానికి ప్రయత్నిద్దాం అన్నాడు.

"వద్దు గ్రెగ్, ఉండనివ్వు" అంది జోడీ. "ఆ క్లినిక్‌లో ఈ ఏడాది సరిగ్గా వేసిన సున్నా అదొక్కటే."